మీకు తెలుసా? గోడ మీద అతుకు ఎందుకు దాగదు

కంపెనీ అదే, షేడు నంబరు అదే, డబ్బా కూడా కిందటిసారి మిగిలిందే. పెచ్చు ఊడినచోట ప్లాస్టరింగ్ చేయించి, లప్పం పట్టించి, ఆ డబ్బాలో రంగే పూయించారు. పగలు చూస్తే బాగానే ఉంది. సాయంత్రం లైటు వేయగానే మచ్చ తేలింది.

శంషాబాద్ వైపు ఇళ్లలో ఈ బాధ ఇప్పుడు తరచుగా వినిపించాల్సిన సమయమే. రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. ఆ ఊపులో చుట్టూ లేచిన కాలనీల్లో తొలి ఇళ్లకు పదిహేనేళ్లు దాటాయి. స్లాబు కింద సన్నటి గీతలు, బాత్‌రూం అవతలి గోడకు నిమ్ము, ఏసీ పైపు కోసం జిర్రీ కొట్టిన చోట ఎత్తుపల్లాలు, ఇవన్నీ ఇంచుమించు ఒకేసారి బయటపడే వయసు అది. మేస్త్రీ రెండు రోజుల్లో పని ముగించి వెళ్తాడు, పెయింటరు ఒక పూటలో. ఆ మచ్చను ఏళ్ల తరబడి చూడాల్సింది ఇంట్లోవాళ్లు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయిస్తున్నాను.

గోడ రంగును తాగుతుంది

ఎమల్షన్ పెయింటులో ముఖ్యంగా ఉండేవి మూడు: రంగునిచ్చే పొడి, దాన్ని గోడకు పట్టి ఉంచే అక్రిలిక్ జిగురు, రెండింటినీ పల్చగా ఉంచే నీళ్లు. పాత రంగు మీద కొత్త పూత వేస్తే నీళ్లు మెల్లగా గాలికి ఆరిపోతాయి, జిగురు పైన పొరగా నిలుస్తుంది. అదే పూత లప్పం మీద నేరుగా పడితే అలా జరగదు. లప్పం నిండా కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. అవి నీళ్లను గబుక్కున పీల్చేస్తాయి, వాటితోపాటు కొంత జిగురునూ లాగేస్తాయి. పైన మిగిలేది జిగురు తక్కువైన పొడి. వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు చుట్టుపక్కల గోడ ఒకలా, అతుకు ఇంకోలా మెరుస్తాయి. నిజానికి రంగు ఒక్కటే, తేడా మెరుపులో ఉంది. మన కంటికి మాత్రం అది రంగు తేడాలాగే కనిపిస్తుంది.

దీనికి మందు ప్రైమర్. లప్పం పట్టిన మేర, అంచు దాటి రెండు వేళ్ల వెడల్పు వరకు ప్రైమర్ పూసి పూర్తిగా ఆరనిస్తే రంధ్రాలు మూసుకుంటాయి, అతుకూ పాత గోడా ఒకే తీరున రంగు పట్టుకుంటాయి. 'ఇంత చిన్నదానికి ప్రైమర్ ఎందుకు సార్, ఇంకో కోటు కొడితే కలిసిపోతది' అనే మాట చాలామంది వినే ఉంటారు. కలిసిపోదు. మూడో కోటు, నాలుగో కోటు వేసేకొద్దీ అతుకు మీద రంగు మందం పెరుగుతుంది, అంచు గీత గీసినట్టు తేలుతుంది. చిన్న అతుక్కి ప్రైమరే ముఖ్యం. పెద్ద గోడ మొత్తం లప్పం పట్టి రంగు వేస్తే అంతటా ఒకేలా పీల్చుకుంటుంది, లోపం ఎక్కడా విడిగా కనిపించదు. చిన్న అతుకుకు ఆ చాటు లేదు, పక్కనే పాత గోడ ఉండి పోల్చి చూపిస్తుంది.

పసుపు కాగితం చెప్పే నిజం

హారతి పళ్లెంలో పసుపు నీళ్లకు చిటికెడు సున్నం తగలగానే ఎర్రబడుతుంది. దిష్టి తీసే ప్రతి ఇంట్లోనూ తెలిసిన సంగతే. పసుపులో ఉండే కర్కుమిన్ అనే పదార్థం క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. దీన్నే గోడకు పరీక్షగా వాడుకోవచ్చు.

ముందు సిమెంటు సంగతి. సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే మనం తడి సున్నం అనేదే, కొంత విడుదలవుతుంది. కొత్త ప్లాస్టరు పి.హెచ్. విలువ 12, 13 దాకా ఉంటుంది. అంత ఘాటు క్షారం మీద రంగు వేస్తే కొన్ని రంగులు వెలిసిపోతాయి, కొన్నిచోట్ల తెల్లగా పాలిపోతుంది. నూనెతో చేసిన ఎనామెల్ అయితే మరీ ఘోరం. నూనె, క్షారం కలిస్తే పుట్టేది సబ్బు. పచ్చి సిమెంటు మీద ఎనామెల్ వేస్తే గోడ మీద జరిగేదీ అదే: పూత మెత్తబడి, జిడ్డుగా మారి, ఊడి వస్తుంది. పెయింటు కంపెనీలు కొత్త ప్లాస్టరును కనీసం 28 రోజులు ఆరనివ్వమనేది ఇందుకే. మొదటి వారం రోజులూ దానికి తడి అందాలి. ఆ తర్వాత ఆరాలి.

ఇక పరీక్ష. గీతల్లేని తెల్ల కాగితాన్ని చిక్కటి పసుపు నీళ్లలో ముంచి నీడన ఆరబెట్టి, వేలెడు వెడల్పు ముక్కలుగా కత్తిరించుకోండి. ప్లాస్టరు చేసినచోట తాగే నీళ్లు కొద్దిగా చిలకరించి, కాగితం ముక్కను ఒక నిమిషం అదిమి పట్టండి. ముదురు ఎరుపుకు తిరిగితే గోడలో సున్నం ఇంకా పచ్చిగా ఉన్నట్టు, ఇంకొన్ని రోజులు ఆగాలి. పసుపుగానే ఉన్నా, కాస్త గోధుమ ఛాయ మాత్రమే వచ్చినా పని మొదలుపెట్టవచ్చు. రెండు జాగ్రత్తలు అవసరం. బోరు నీళ్లలో కొన్నిచోట్ల క్షార గుణం ఉంటుంది కాబట్టి ముందు ఆ నీటి చుక్కను కాగితం మీద వేసి చూసుకోండి. పరీక్షను లప్పం పట్టకముందే, ప్లాస్టరు మీదే చేయండి. వైట్ సిమెంటుతో తయారయ్యే లప్పం తానే క్షారం కాబట్టి కాగితాన్ని ఎర్రబరుస్తుంది. పసుపును నేరుగా గోడకు రాయవద్దు, ఆ మరక పైపూతలోంచి మళ్లీ కనబడుతుంది.

ఇంజనీర్లు ఇదే పనికి ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. క్షారం బాగా ఉన్నచోట అది గులాబీ రంగుకు మారుతుంది. వాళ్ల సీసా అంత కచ్చితంగా మన పసుపు చెప్పలేకపోవచ్చు. కానీ మేస్త్రీ 'ఆరిపోయింది, రేపు పెయింటర్‌ను పిలవండి' అన్నప్పుడు ఆగాలో లేదో తేల్చుకోవడానికి ఇది చాలు.

నీలిమందే ఎందుకు?

వెల్ల వేసే రోజుల్లో సున్నం తెల్లగా మెరవాలని బట్టలకు పెట్టే నీలిమందు చుక్కలు కలిపేవారు. ఇంటి అరుగులకు, గోడల అడుగున పట్టీలకు జాజు పూసేవారు. ఏ రంగు దొరికితే అది కలపలేదు పెద్దవాళ్లు. నీలిమందులో ఉండే అల్ట్రామెరైన్, జాజులో ఉండే ఐరన్ ఆక్సైడ్, రెండూ సున్నపు ఘాటును తట్టుకునేవి. ప్రష్యన్ బ్లూ అనే మరో నీలం ఉంది, క్షారం తగిలితే అది పాడైపోతుంది. సున్నంలో నిలిచేదేదో నిలవనిదేదో మన పల్లెల్లో చేతులకు తెలుసు.

మీ గోడలో 250 కోట్ల ఏళ్ల రాయి

హైదరాబాద్ చుట్టూ కనిపించే గ్రానైట్ బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. శంషాబాద్ నుంచి ఎటు వెళ్లినా ఈ గుండ్లు కనిపిస్తాయి. నది ఇసుక దొరకడం కష్టమై, ధర పెరిగాక, ఈ రాయినే క్రషర్లలో నలిపి చేసే రోబో శాండ్ ఇళ్లలోకి వచ్చింది. అంటే మీ హాలు గోడకు పూసిన మాలులో, భూమ్మీద చెట్లూ జంతువులూ లేని కాలం నాటి రాయి ఉండి ఉండొచ్చు.

అతుకు పని దగ్గర దీనితో ఒక చిక్కుంది. ఏటి ఇసుక రేణువులు నీటిలో దొర్లి దొర్లి నున్నబడినవి. క్రషర్ ఇసుక రేణువులకు కోణాలుంటాయి, పైగా మెత్తటి దుమ్ము ఎక్కువ కలుస్తుంది. దుమ్ము ఎక్కువైతే మాలు కలపడానికి నీళ్లు ఎక్కువ కావాలి. ఆ నీళ్లు ఆరేకొద్దీ ప్లాస్టరు ముడుచుకుని వెంట్రుకవాసి గీతలు పడతాయి. కాంక్రీటుకు వాడే రోబో శాండ్ వేరు, ప్లాస్టరింగ్‌కు వాడేది వేరు. చిన్న పనే కదా అని పక్కింటి స్లాబుకు తెచ్చిన కుప్పలోంచి రెండు తట్టలు తెచ్చి కలిపేస్తే అతుకు గరుకుగా వస్తుంది, దాన్ని దాచడానికి లప్పం మందంగా పట్టాల్సి వస్తుంది. లప్పం పని గరుకును నునుపు చేయడం. ఒక్కో పొర మిల్లీమీటరున్నరకు మించితే ఆరేటప్పుడు పగుళ్లిస్తుంది. వేలు దిగేంత గుంట ఉంటే ముందు ప్లాస్టరుతో నింపి, ఆ పైనే లప్పానికి రావాలి. లోపలి గోడకు ఒక పాలు సిమెంటు, ఆరు పాళ్లు ఇసుకతో 12 మిల్లీమీటర్ల ప్లాస్టరు వేయడం మామూలు పద్ధతి. అతుకు కూడా పాత ప్లాస్టరుకు దగ్గరి పాళ్లలోనే ఉండాలి. 'గట్టిగా ఉంటది' అని సిమెంటు ఎక్కువ కలిపితే అతుకు ఎక్కువ ముడుచుకుని, పాత ప్లాస్టరు అంచు నుంచి విడివడుతుంది.

విమానాలకు గోడలు పగులుతాయా?

రన్‌వే వైపు కాలనీల్లో ఈ అనుమానం సహజం. రాత్రిపూట విమానం తలమీదుగా వెళ్తుంటే కిటికీ అద్దాలు గలగలమంటాయి, అలమారాలో గిన్నెలు కదులుతాయి. ఆ శబ్దంతో నిద్ర చెడటం నిజమైన బాధే, దాన్ని కొట్టిపారేయకూడదు. కానీ మామూలుగా ఎగిరే విమానాల ధ్వని కిటికీని కదిలించినంత తేలిగ్గా ప్లాస్టరును పగలగొట్టలేదు. గోడ మీది గీత ఎక్కడ మొదలై ఎటు పోతోందో చూస్తే అసలు కారణం చాలావరకు తెలిసిపోతుంది.

పిల్లర్‌కూ ఇటుక గోడకూ మధ్య నిలువునా తిన్నగా ఉన్న గీత, బీము కింద అడ్డంగా ఉన్న గీత, ఈ రెండూ రెండు రకాల సామగ్రి కలిసేచోటివి. ఎండకు కాంక్రీటు ఒకలా, ఇటుక ఒకలా వ్యాకోచిస్తాయి. అక్కడ ప్లాస్టరు చేసేటప్పుడు చికెన్ మెష్ బిగించి ఉంటే గీత రాకపోయేది. లప్పంతో ఎన్నిసార్లు మూసినా వచ్చే ఎండాకాలానికి మళ్లీ అదే చోట తెరుచుకుంటుంది. ఇక్కడ పని రంగుతో అయ్యేది కాదు. గీతకు రెండు వైపులా ప్లాస్టరు కొట్టి, మెష్ వేసి, తిరిగి పూయాలి.

కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకే గీత వెడల్పు పెరుగుతూ ఉంటే పెయింటర్ని కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి. గీతకు అడ్డంగా రెండు పక్కలా పెన్సిల్‌తో చుక్క పెట్టి, మధ్య దూరం రాసి, తేదీ వేసుకోండి. కొన్ని నెలల్లో ఆ దూరం మారిందో లేదో చూపిస్తే ఇంజనీరుకు సగం పని తగ్గుతుంది.

గోడ అంతటా సాలెగూడులా పరుచుకున్న సన్నటి గీతలు ప్లాస్టరు ముడుచుకోవడం వల్ల వచ్చినవి. చూడ్డానికి భయంగా ఉన్నా వీటికే వైద్యం తేలిక: గీతను లప్పం పట్టీ మూలతో కొద్దిగా వెడల్పు చేసి, దుమ్ము దులిపి, క్రాక్ ఫిల్లర్ నింపితే చాలు. దుమ్ము దులపకుండా నింపినది నిలవదు.

తాపీ మడమతో మోగించి చూడండి

మంచి మేస్త్రీ ఊడిన పెచ్చు ఒక్కటే చూసి ఊరుకోడు. దాని చుట్టూ గోడను తాపీ మడమతోనో రూపాయి బిళ్లతోనో తట్టుకుంటూ వెళ్తాడు. పట్టు ఉన్నచోట 'టక్' మని చిన్నగా గట్టిగా మోగుతుంది. గుల్లబడినచోట 'డొక్కు' మని లోతుగా పలుకుతుంది. పలికినంత మేర సుద్దతో గిరిగీసి, ఆ మొత్తం కొట్టేయాలి. 'మంచిగున్న గోడ ఎందుకు పగలగొడుతున్నావు' అని ఇంటివాళ్లు అడ్డుపడేది సరిగ్గా ఇక్కడే. అడ్డుపడకండి. గుల్ల మీద అతుకు వేస్తే ఆ గుల్లతో పాటే ఊడుతుంది.

కొట్టిన అంచు ఏటవాలుగా పల్చబడి ఉండకూడదు. నిలువుగా, వీలైతే లోపలికి కొంచెం ఎక్కువ తవ్వినట్టు ఉండాలి. అప్పుడే కొత్త మాలుకు అంచులో పట్టు దొరుకుతుంది. గోడను తడిపి, బాండింగ్ లిక్విడ్ కలిపిన సిమెంటు పాలు పూసి, అది ఆరకముందే మాలు వేయాలి. పొడి ఇటుక మీద నేరుగా వేస్తే మాలులోని తడిని ఇటుక తాగేస్తుంది, సిమెంటు గట్టిపడటానికి నీళ్లుండవు. కొత్త ఇళ్లలో వాడుతున్న బూడిదరంగు ఏఏసీ బ్లాకులైతే నీటిని ఇంకా ఎక్కువ పీల్చుకుంటాయి.

ఇల్లంతా కట్టేటప్పుడు రోజుకు రెండుసార్లు పైపు పెట్టి తడిపినవాళ్లే అతుకు దగ్గరికి వచ్చేసరికి తడపడం మరిచిపోతారు. సోఫాలు, కార్పెట్లు ఉన్న గదిలో పైపు ఎలాగూ పెట్టలేరు. ఇస్త్రీకి వాడే స్ప్రే బాటిలుతో పూటపూటకూ కొట్టి, పైన తడి గుడ్డ అంటించి ఉంచితే సరిపోతుంది. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే తాగే నీళ్లే వాడండి. ఆ ఉప్పు నీళ్లతోపాటు లోపలికి వెళ్లి, గోడ ఆరేటప్పుడు తెల్లటి చవుడుగా పైకి తేలి, రంగును పొక్కులుగా లేపుతుంది.

దసరాకు రంగులు, గోడకు తడి

హైదరాబాద్ ప్రాంతానికి ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఆ వెంటనే బతుకమ్మ, దసరా. ఇంటికి రంగులు వేయించాలన్న తొందర సరిగ్గా అప్పుడే, గోడలు ఏడాది మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ తడి తాగి ఉన్నదీ అప్పుడే. పండక్కి ఇల్లు కళకళలాడాలన్న ఆశను కాదనను. గోడ పైకి ఆరినట్టు కనిపిస్తుంది కాబట్టి ఈ చిన్న పరీక్ష చేయమంటాను: చదరపు అడుగంత పల్చటి పాలిథిన్ కాగితాన్ని అతుకు మీద పరిచి, నాలుగు వైపులా గాలి చొరబడకుండా టేపు అంటించి, రాత్రంతా వదిలేయండి. తెల్లారి లోపలి వైపు నీటి చుక్కలున్నా, కాగితం కింద గోడ రంగు ముదిరినా తడి ఇంకా బయటికి వస్తోందని అర్థం.

ఆ తడి ఎక్కడిదో తెలియకుండా రంగు వేయకూడదు. బాత్‌రూం పైపు కారుతుండవచ్చు, పైకప్పు నుంచి దిగుతుండవచ్చు, నేల నుంచి పాకుతుండవచ్చు. మూడింటికీ మందులు వేరు, వాటిలో పెయింటు లేదు. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో పూడ్చిన అతుకులు ఇలాంటి తడి గోడల మీద నెలల్లో మెత్తబడి ఉబ్బుతాయి. అది నిమిషాల్లో గట్టిపడుతుంది కాబట్టి పని త్వరగా అవుతుంది. సీలింగుకు, పొడిగా ఉండే లోపలి గోడకు మంచిదే. నిమ్ము ఉన్నచోట మాత్రం వద్దు.

నన్నడిగితే ప్లాస్టరు పని ఫిబ్రవరిలో చేయించి, మార్చిలో ఉగాది ముందు రంగు వేయించడం మన వాతావరణానికి మేలైన లెక్క. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా మంచిది కాదు. పూత పక్కకు జరిగేలోపే మొదటి అంచు ఆరిపోయి చారలు పడతాయి.

చార్మినార్ అతుకు

2019 మే మొదట్లో చార్మినార్ మినార్లలో ఒకదాని నుంచి సున్నపు అలంకరణ పెచ్చు ఊడి కింద పడింది. 1591 నాటి కట్టడం. బాగు చేయాల్సినది భారత పురావస్తు శాఖ, పూయాల్సినది మళ్లీ సున్నమే. గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో ఆగాఖాన్ ట్రస్టు పునరుద్ధరణ మొదలుపెట్టినప్పుడు చేసిన పనుల్లో పెద్దది, ఇరవయ్యో శతాబ్దంలో మరమ్మతుల పేరుతో పూసిన సిమెంటును ఒలిచేయడం. దాని స్థానంలో సంప్రదాయ పద్ధతిలో చేసిన సున్నం పూశారు.

సున్నం గోడ ఊపిరి తీసుకుంటుంది. లోపలికి వెళ్లిన తడి దాని రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుని తడి లోపలే ఉండిపోతుంది, ఉప్పులు పేరుకుంటాయి, మెత్తటి సున్నం పొర సిమెంటు వెనక గుల్లబడుతుంది. కొన్నేళ్లకు సిమెంటు పలక పలకగా, వెనకున్న పాత గచ్చును కూడా అంటించుకుని ఊడుతుంది. శంషాబాద్ పాత ఊళ్లో, చుట్టుపక్కల పల్లెల్లో తాతల నాటి డంగు సున్నం గోడల ఇళ్లు ఇంకా ఉన్నవాళ్లకు ఇది చాలా ముఖ్యం. అలాంటి గోడకు సిమెంటు అతుకు వేయించకండి, ప్లాస్టిక్ లాంటి పొర కట్టే ఎమల్షన్ వేయించకండి. సున్నంతోనే పూడ్చి, వెల్లే వేయించండి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ మెల్లగా తిరిగి సున్నపురాయిగా మారుతుంది. ఆ నిదానమే దాని బలం. ఈ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతున్నారు, ఉన్నవాళ్లకు మనం పని ఇవ్వకపోతే ఆ విద్య వాళ్లతోనే పోతుంది.

సిమెంటు గోడ మీది పాత వెల్లపై ఎమల్షన్ వేసే ముందు ఒక టేపు ముక్క గోడకు గట్టిగా అంటించి లాగి చూడండి. టేపుకు తెల్లపొడి అంటుకుని వస్తే కొత్త రంగుకూ ఆ గతే పడుతుంది.

రన్‌వే మీద రంగు

శంషాబాద్‌లో అన్నిటికంటే జాగ్రత్తగా తిరగవేసే పెయింటు ఇళ్లలో లేదు, రన్‌వే మీద ఉంది. ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. అంతర్జాతీయ నియమం ప్రకారం రన్‌వే గుర్తులు తెల్లగా, విమానాలు నడిచి వెళ్లే టాక్సీవే గుర్తులు పసుపుపచ్చగా ఉంటాయి. దిగే విమానం చక్రాలు నేలను తాకిన క్షణంలో గిర్రున తిరగడం మొదలుపెట్టేటప్పుడు రబ్బరు కరిగి అంటుకుంటుంది, గుర్తులు నల్లబడతాయి. అధిక పీడనంతో నీళ్లు కొట్టి ఆ రబ్బరు వదిలించాకే కొత్త పూత వేస్తారు. వాడకం నుంచి తీసేసిన గీతల మీద నల్లరంగు పూసి సరిపెట్టడం మంచి పద్ధతి కాదు. పైపూత అరిగాక పాత గీత బయటపడి పైలట్‌ను తప్పుదారి పట్టించవచ్చు. అందుకే గీకి తొలగిస్తారు.

మూల నుంచి మూలకు

ఎంత బాగా కలిపినా పాత రంగుకు కొత్త రంగు పూర్తిగా సరిపోలడం అరుదు. వెలుతురుకు వెలిసిన గోడ, వంటింటి పొగ, అగరుబత్తీల మసి పట్టిన గోడ ఒకప్పటి షేడు కార్డులో లేదు. కాబట్టి రంగు చూసే ముందు అతుకు చుట్టూ గోడను సబ్బు నీళ్ల గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. ఆ తర్వాత కూడా తేడా ఉంటే రూపాయి బిళ్లంత పెచ్చు తీసి దుకాణానికి తీసుకెళ్లండి. కొన్ని దుకాణాల్లో రంగును కొలిచే యంత్రం ఉంటుంది, అది నంబరును కాదు, మీ గోడ ఇవాళ్టి రంగును చదువుతుంది. కలిపించిన రంగును ముందు అట్టముక్క మీద పూసి, ఆరాక, పగటి వెలుతురులోనూ రాత్రి లైటులోనూ గోడ పక్కన పెట్టి చూడండి. ఎమల్షన్ తడిలో లేతగా కనిపించి ఆరాక కాస్త ముదురుతుంది. తడిలో సరిగ్గా కలిసిందంటే ఆరాక తేడా రాబోతోందనే.

గోడను రోలర్‌తో వేసి ఉంటే అతుకునూ రోలర్‌తోనే వేయాలి. రోలర్ వదిలే సన్నటి చుక్కచుక్కల గరుకు, కుంచె గీతలు వేరువేరుగా వెలుతురును తిప్పికొడతాయి. చిన్న రోలర్ తీసుకుని, అంచుల దగ్గర రంగు దాదాపు అయిపోయిన రోలర్‌తో తేలిగ్గా బయటికి లాగాలి. మాట్ రంగైతే ఇలా చాలావరకు కలిసిపోతుంది. మెరిసే శాటిన్, సిల్క్ రకాలైతే కలవదు. అప్పుడు ఒక మూల నుంచి ఇంకో మూల వరకు ఆ గోడ మొత్తం వేయడమే సరైన దారి. రెండు గోడలు కలిసే మూలలో వెలుతురు ఎలాగూ మారుతుంది, అక్కడ చిన్న తేడా కంటికి ఆనదు. గోడంతా వేయాలంటే ఖర్చెక్కువ అనిపిస్తుంది, నిజమే. మచ్చ పడ్డ గోడను మళ్లీ వేయించడం కంటే తక్కువే.

సీసం లేని రంగులు ఎప్పటి నుంచి?

ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పదిలక్షలకు 90 పాళ్లు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే విమానాశ్రయం వచ్చిన కొత్తలో కట్టిన ఇళ్ల తలుపులకు, కిటికీ గ్రిల్సుకు వేసిన ఎనామెల్‌లో సీసం ఎక్కువే ఉండవచ్చు. ముఖ్యంగా పసుపు, ఎరుపు, నారింజ రంగుల్లో. వాటిని పొడిగా గీకితే ఆ దుమ్ము ఇంట్లో పరుచుకుంటుంది. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలకు సీసం చేసే హాని చాలా తీవ్రమైనది. అలాంటిచోట నీళ్లు చల్లి తడి ఎమరీ పేపరుతో రుద్దించండి. పిల్లల్నీ గర్భిణులనూ పని పూర్తయి, తడి గుడ్డతో తుడిచేదాకా ఆ గదిలోకి రానివ్వకండి. లప్పం రుద్దేటప్పుడు లేచే దుమ్ములో సీసం లేకపోయినా ఊపిరితిత్తులకు అది మంచిది కాదు. పెయింటరుకు మంచి మాస్కు మీరే కొనివ్వండి. రోజూ ఆ దుమ్ములో ఉండేది అతనే.

స్విచ్‌బోర్డు వెనక

పాత రంగు అసలు ఛాయ చూడాలంటే మెయిన్ ఆపి స్విచ్‌బోర్డు ప్లేటు విప్పండి. దాని అంచు కింద ఎండ సోకని, పొగ పట్టని రంగు ఉంటుంది. కొత్తగా రంగు వేయించినప్పుడు అదే ప్లేటు లోపలి వైపు కంపెనీ పేరు, రకం, షేడు నంబరు, డబ్బా మీది బ్యాచ్ నంబరు, తేదీ మార్కర్‌తో రాసి పెట్టుకుంటే డబ్బా పోయినా వివరం పోదు. మిగిలిన రంగును పెద్ద బకెట్లో అడుగున వదిలేయకుండా, నిండా పట్టే చిన్న డబ్బాలోకి వడగట్టి, మూత బిగించి, ఎండ తగలని చోట ఉంచండి. లోపల గాలి తక్కువుంటే పైన తెట్టు కట్టదు. మళ్లీ మూత తెరిచినప్పుడు కుళ్లిన వాసన వస్తే అందులో సూక్ష్మజీవులు చేరినట్టు. ఆ రంగును అర అంగుళం అతుక్కి కూడా వాడకండి.